రోజంతా బీబీసీ వన్: పగలు పొదుపు, రాత్రి ఖర్చు

బ్రిటన్‌లో అన్నిటికంటే ఎక్కువమంది చూసే టీవీ చానల్ బీబీసీ వన్. మామూలు పనిరోజున దాని కార్యక్రమాల పట్టిక తీసి చూస్తే, ఇంత పేరున్న చానల్ వేసేది ఇదేనా అనిపిస్తుంది. పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా వార్తలూ కబుర్లూ. ఆ తర్వాత ఆరోగ్యం, వంట, ఫోన్ మోసాల గురించి జాగ్రత్తలు. పదకొండు దాటాక వేలంలో కొన్న పాడుబడ్డ ఇల్లు. పన్నెండుంపావుకి పాత సామాన్ల బేరం. ఒంటిగంటకి వార్తలు. మధ్యాహ్నం మళ్లీ ఇల్లే, ఈసారి పల్లెటూరిలో. సాయంత్రం క్విజ్. ఆరింటికి మళ్లీ వార్తలు. దేశదేశాలు కొనుక్కుని వేసుకునే బీబీసీ డ్రామాలు ఏవీ అని వెతికితే, అవి రాత్రి తొమ్మిదికి గానీ కనిపించవు. పదింటికల్లా అయిపోతాయి కూడా.

పట్టిక వేసినవాళ్లకి తెలియక ఇలా జరగలేదు. ఆ రాత్రి గంటకి డబ్బు మిగలాలంటే పగలంతా చవగ్గా నడవాలి. అయితే చవగ్గా నడిచినా చూసేవాళ్లు ఉండాలి, ఎందుకంటే ఈ చానల్‌కి డబ్బు వచ్చే దారి వేరు. బ్రిటన్‌లో ఏ చానల్‌నైనా ప్రసారమవుతుండగా చూసే ప్రతి ఇల్లూ, బీబీసీ ఐప్లేయర్ అనే ఆన్‌లైన్ సేవ వాడే ప్రతి ఇల్లూ ఏడాదికోసారి టీవీ లైసెన్స్ కట్టాలి. 2025-26లో అది 174.50 పౌండ్లు, మన డబ్బులో దాదాపు 20 వేల రూపాయలు. లైసెన్స్ లేకుండా చూస్తూ దొరికితే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. బ్రిటన్ లోపల బీబీసీలో ప్రకటనలు ఉండవు. అంటే చానల్ బతికేది సబ్బుల కంపెనీ మీద కాదు, ఇంటింటి లైసెన్స్ డబ్బు మీద. ఇష్టం ఉన్నా లేకపోయినా అందరి దగ్గరా డబ్బు తీసుకున్నాక, అందరికీ రోజులో ఒక్కసారైనా ఏదో ఒకటి చూపించాలి. బీబీసీ వన్ పట్టికని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క ఒత్తిడి పట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

పొద్దుటి కార్యక్రమం పేరు బ్రేక్‌ఫాస్ట్. లండన్ నుంచి వచ్చే ఈ కార్యక్రమాన్ని 2012 ఏప్రిల్‌లో మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌కి మార్చారు. ఎర్ర సోఫా, దాని మీద ఇద్దరు, తెర మూల గడియారం. ఈ మూడిట్లో అసలు కార్యక్రమం ఆ గడియారమే. పొద్దున టీవీ పెట్టేవాళ్లలో చాలామంది దాన్ని కూర్చుని చూడరు. బ్రెడ్డు కాలుస్తూ, పిల్లలకి బూట్లు తొడుగుతూ వింటారు. ఒక్కొక్కరు పది పదిహేను నిమిషాలు ఉండి వెళ్లిపోతారు. అందుకే అరగంటకోసారి ముఖ్యాంశాలు, మధ్యలో స్థానిక వార్తలు, వాతావరణం మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి. మూడున్నర గంటలూ వరసగా చూస్తే విసుగొస్తుంది. అలా చూడమని ఎవరూ అనుకోలేదు.

టీవీ పొద్దున్నే రావడం బ్రిటన్‌కి అంత పాత అలవాటేమీ కాదు. బీబీసీ టీవీ ప్రసారాలు 1936 నవంబరు 2న అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి మొదలైనా, పొద్దుటి కార్యక్రమానికి 1983 జనవరి 17 దాకా ఆగాల్సి వచ్చింది. టీవీ-ఎఎం అనే పోటీ కంపెనీ ఫిబ్రవరి 1న మొదలవుతోందని తెలిసి, బీబీసీ రెండు వారాల ముందే దిగింది. కోటూ టై వార్తల సంస్థగా పేరున్న బీబీసీ, ఫ్రాంక్ బో అనే యాంకర్‌కి ఊలు స్వెటర్ తొడిగి సోఫాలో కూర్చోబెట్టింది. ఆకుపచ్చ బట్టల్లో ఒకావిడ వ్యాయామం నేర్పేది. రసెల్ గ్రాంట్ అనే ఆయన రాశిఫలాలు చెప్పేవాడు. పొద్దుటి టీవీకి జాతకాలు మన చానళ్లే కనిపెట్టాయనుకుంటే పొరపాటు. గంభీరంగా మొదలైన టీవీ-ఎఎం మాత్రం జనం లేక కుదేలైంది. చివరికి రోలండ్ ర్యాట్ అనే ఎలుక బొమ్మ వచ్చి దాన్ని నిలబెట్టింది.

పగటి సంగతికొస్తే, 1986 దాకా బీబీసీ వన్‌లో పగలు చాలాసేపు చెప్పుకోదగ్గ కార్యక్రమమే లేదు. సీఫాక్స్ అనే అక్షరాల పేజీలు తెర మీద ఒకదాని తర్వాత ఒకటి మారుతూ, వెనకాల సంగీతం మోగుతూ ఉండేది. ఆ ఏడాది అక్టోబరు 27న పగటి ప్రసారాలు పూర్తిస్థాయిలో మొదలయ్యాయి. అదే రోజు నైబర్స్ అనే ఆస్ట్రేలియా సీరియల్ కూడా మొదలైంది. బయట కొన్న సరుకు, సొంతంగా తీసే ఖర్చు లేదు. మధ్యాహ్నం ఒకసారి వేసి, మర్నాడు పొద్దున అదే మళ్లీ వేసేవాళ్లు. మొదట్లో దాన్ని పెద్దగా ఎవరూ లెక్కచేయలేదు.

1988 జనవరిలో ఆ రెండో ప్రసారాన్ని సాయంత్రం 5.35కి జరిపారు. బీబీసీ టీవీ పెద్దల్లో ఒకరైన మైకేల్ గ్రేడ్‌కి ఆయన కూతురే ఈ సలహా ఇచ్చిందని చెప్పుకుంటారు: స్కూల్లో పిల్లలంతా మధ్యాహ్నం ఆ సీరియల్ కోసం తంటాలు పడుతున్నారని. కథ మారలేదు, నటులు మారలేదు, గంట మారింది. పిల్లలు స్కూలు నుంచి వచ్చేసరికి, తల్లులు వంటింట్లో ఉండే వేళకి సరిగ్గా దిగింది. ఆ ఏడాది నవంబరులో స్కాట్, షార్లీన్ పెళ్లి ఎపిసోడ్‌ని బ్రిటన్‌లో దాదాపు 2 కోట్లమంది చూశారు. ఆస్ట్రేలియా జనాభాయే అప్పటికి కోటీ అరవై లక్షల చిల్లర. ఏ కార్యక్రమం వేశామన్నదానికంటే ఎప్పుడు వేశామన్నది ఎంత పని చేస్తుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ బ్రిటిష్ టీవీలో దొరకదు. 2008లో నైబర్స్ ఫైవ్ చానల్‌కి వెళ్లిపోయింది.

ఇప్పటి పగటిపూట రాజ్యమంతా ఇళ్లదీ పాత సామాన్లదీ. పన్నెండుంపావుకి వచ్చే బార్గెయిన్ హంట్ 2000లో మొదలైంది, పాతికేళ్లుగా అదే పద్ధతి. ఇద్దరిద్దరు చొప్పున రెండు జట్లు, ఒకళ్లకి ఎర్ర చొక్కాలు, ఒకళ్లకి నీలం చొక్కాలు. ఒక్కో జట్టు చేతికి 300 పౌండ్లు ఇచ్చి, పాత సామాన్ల సంతలో గంటసేపు వదిలేస్తారు. తోడుగా ఒక నిపుణుడు. మూడు వస్తువులు కొనాలి. పింగాణీ కూజా, వెండి చెంచాల పెట్టె, ఎవరిదో తాతల నాటి చేతికర్ర, ఏదైనా సరే. ‘ఇంకొంచెం తగ్గించండి’ అని మొహమాటపడుతూ ఐదూ పదీ తగ్గిస్తారు. సుల్తాన్ బజార్‌లో చీర బేరం చేసిన వాళ్లెవరైనా ఆ బేరం చూస్తే జాలిపడతారు. ఆ తర్వాత కొన్నవాటిని వేలానికి పెడతారు. కొన్న ధర కంటే ఎక్కువ వస్తే లాభం జట్టుదే.

ఇబ్బందేమిటంటే, చాలాసార్లు లాభం రాదు. వ్యాపారి దగ్గర చిల్లర ధరకి కొని వేలంలో అమ్మితే మిగిలేదేముంటుంది? 80కి కొన్నది 45కి పోతుంది. నీలం జట్టుకి 60 పౌండ్ల నష్టం, ఎర్ర జట్టుకి 40 పౌండ్ల నష్టం వస్తే తక్కువ నష్టపోయిన ఎర్ర జట్టే గెలిచినట్టు. నష్టాన్ని వాళ్ల జేబులోంచి తీసుకోరు. గెలిచినవాళ్లకీ ఓడినవాళ్లకీ తేడా ఒక హోటల్ భోజనమంత. చివర్లో యాంకర్‌తో సహా అందరూ వరసగా నిలబడి గాల్లోకి ఒక కాలు విసురుతారు, దాంతో అయిపోతుంది. లెక్క చూస్తే 45 నిమిషాల కార్యక్రమానికి సెట్ లేదు, నటులు లేరు, రచయిత దాదాపు లేడు, బహుమతి నామమాత్రం. ఎవరు గెలుస్తారన్న కుతూహలం మాత్రం చివరిదాకా ఉంటుంది.

హోమ్స్ అండర్ ది హ్యామర్ లెక్క కూడా ఇంతే. 2003 నుంచి వస్తోంది. ఎవరో వేలంలో ఇల్లు కొంటారు, కొందరైతే లోపలికి అడుగు పెట్టి చూడకుండానే. యాంకర్ ఆ ఇంటిలోకి వెళ్లి చెమ్మ పట్టిన గోడలు, కుంగిన నేల చూపిస్తాడు. కొన్నవాళ్లు ‘ఇంత ఖర్చుపెడతాం, ఇన్ని నెలల్లో పూర్తిచేస్తాం’ అంటారు. ఆ నెలలు గడిచాక కెమెరా మళ్లీ వస్తుంది. అనుకున్నదానికంటే ఖర్చు పెరిగి ఉంటుంది, గడువు దాటి ఉంటుంది. స్థానిక ఏజెంట్లు వచ్చి, ఇప్పుడు అమ్మితే ఎంత, అద్దెకిస్తే ఎంత అని చెబుతారు. వెనకాల వచ్చే పాటల్లో ఒక చిలిపితనం ఉంటుంది: తెర మీద మెట్లు కనిపిస్తే మెట్ల మాటున్న పాట, కిటికీ పగిలి ఉంటే కిటికీ పాట. రోజూ చూసేవాళ్లు వచ్చే పాటేదో ముందే పసిగట్టి నవ్వుకుంటారు.

ఇళ్లే ఎందుకు, పాత సామాన్లే ఎందుకు? పనివేళల్లో ఇంట్లో ఉండేది ఎక్కువగా రిటైరైనవాళ్లు. వాళ్లలో చాలామందికి సొంతిల్లు ఉంటుంది, అటక మీద పాత వస్తువులూ ఉంటాయి. ‘మన ఇల్లు ఇప్పుడెంత పలుకుతుందో’ అన్న ప్రశ్న ఆ దేశంలో ఎప్పుడూ నడిచే కబురే. పైగా ఈ కార్యక్రమాలని మధ్యలో ఎక్కడ పెట్టినా అర్థమవుతాయి. మందుబిళ్ల వేసుకుని వచ్చినా, గుమ్మం దగ్గర పోస్టు తీసుకుని వచ్చినా ఏమీ తప్పిపోదు. అన్నిటికంటే ముఖ్యం, రెండేళ్ల తర్వాత మళ్లీ వేసినా పెద్దగా పాతబడవు. ఒకసారి తీసిన ఎపిసోడ్‌ని నాలుగుసార్లు వాడుకుంటే గంట ఖర్చు అంత మేరకు తగ్గుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. డాక్టర్స్ అనే సీరియల్ 2000 మార్చి నుంచి బర్మింగ్‌హామ్‌లో తీసేవాళ్లు, మధ్యాహ్నం వార్తల తర్వాత వచ్చేది. పగటి పట్టికలో రచయితలు, నటులు, సెట్టుతో ఏడాది పొడుగునా నడిచిన సొంత డ్రామా అదే. కొత్త రచయితలకీ దర్శకులకీ అదో బడిలా పనిచేసింది. డ్రామా తీయడానికి ఖర్చులు విపరీతంగా పెరిగాయంటూ 2023 అక్టోబరులో దాన్ని ఆపేస్తామని ప్రకటించారు, 2024 నవంబరులో ఆపేశారు. బార్గెయిన్ హంట్ ఉంది, డాక్టర్స్ పోయింది. జనాదరణ కంటే గంటకి అయ్యే ఖర్చే ఇక్కడ తీర్పు చెప్పింది.

ఇందులో మరో చిక్కు ఉంది. 75 ఏళ్లు దాటినవాళ్లకి ఒకప్పుడు లైసెన్స్ ఉచితం, ప్రభుత్వమే ఆ డబ్బు భరించేది. ఆ భారం బీబీసీ మీదికి వచ్చాక, 2020 ఆగస్టు 1 నుంచి పెన్షన్ క్రెడిట్ అనే సాయం అందుకునే పేద వృద్ధులకే ఆ ఉచితం మిగిలింది. అంటే ఇప్పుడు పగటి టీవీకి అసలైన ప్రేక్షకులు డబ్బు కట్టి చూస్తున్నారు. వాళ్ల డబ్బులో చెప్పుకోదగ్గ వాటా వెళ్లేది రాత్రి డ్రామా మీదికి, క్రీడా హక్కుల మీదికి. ముసలివాళ్లకి చవక సరుకు చూపిస్తున్నారని అనేవాళ్లని తప్పుపట్టలేం.

సాయంత్రం 5.15కి పాయింట్‌లెస్. ఈ క్విజ్ 2009లో బీబీసీ టూలో మొదలై 2011లో వన్‌కి వచ్చింది. ముందుగా ఒక ప్రశ్న వందమందికి ఇచ్చి, 100 సెకన్లలో ఎన్ని జవాబులు చెప్పగలరో చూస్తారు. పోటీకి వచ్చినవాళ్లు ఆ వందమందిలో అతి తక్కువమందికి తట్టిన సరైన జవాబు చెప్పాలి. ఒక్కరికీ తట్టనిది చెబితే సున్నా పాయింట్లు, అదే అన్నిటికంటే గొప్ప. ఇంట్లో కూర్చున్నవాళ్లు ఎవరికీ తెలియనిదొకటి తమకి తెలుసని మురిసిపోవడానికి భలే ఏర్పాటు. జాక్‌పాట్ వెయ్యి పౌండ్లతో మొదలై, ఎవరూ గెలవని ప్రతి ఎపిసోడ్‌కీ మరో వెయ్యి చేరుతుంది. పోటీ చానల్ ఐటీవీలో మిలియనీర్ క్విజ్ పెద్ద బహుమతి 10 లక్షల పౌండ్లు. లైసెన్స్ డబ్బుతో ఒక్క మనిషిని కోటీశ్వరుణ్ణి చేస్తే పేపర్లు ఊరుకోవు. బహుమతి చిన్నదైతే ఆట తెలివైనదై ఉండాలి, అంతే.

ఆ వేళకే పెట్టడానికీ కారణం ఉంది. క్విజ్ ఆరింటికి అయిపోతుంది, వెంటనే వార్తలు. క్విజ్ చూసినవాళ్లలో కొంతమందైనా రిమోట్ ముట్టుకోకుండా అలాగే ఉండిపోతారన్నది టీవీ వ్యాపారంలో పాత నమ్మకం. ఒక కార్యక్రమానికి దాని ముందుది కొంత జనాన్ని అప్పగిస్తుంది. ప్రకటనలున్న చానల్‌లో మధ్యలో చెదిరిపోయే జనాన్ని, ఇక్కడ రెండు మూడు ట్రైలర్లూ అనౌన్సర్ గొంతూ పట్టి ఉంచాలి. ఆ గొంతు తెర మీద కనిపించదు. ఒక బొమ్మ మీద ‘ఇప్పుడు బీబీసీ వన్‌లో’ అని చెప్పి తప్పుకుంటుంది.

ఆరు నుంచి ఏడు దాకా ఉండే గంటకి ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. 1957 దాకా ఆ గంటసేపు బ్రిటన్‌లో టీవీయే వచ్చేది కాదు. చిన్నపిల్లల కార్యక్రమాలు అయిపోయాయి కదా, ఇక టీవీ ఆగిపోతే తల్లులు పిల్లల్ని సులువుగా పడుకోబెట్టుకోవచ్చని ప్రభుత్వం పెట్టిన నియమం. ‘టాడ్లర్స్ ట్రూస్’, అంటే పసిపిల్లలతో సంధి అనేవాళ్లు. బీబీసీకి అది బాగానే ఉంది, ఓ గంట కార్యక్రమాల ఖర్చు తప్పింది. 1955లో వచ్చిన ఐటీవీకి మాత్రం గంటసేపు ప్రకటనల ఆదాయం పోయింది, గొడవపెట్టింది. 1957 ఫిబ్రవరి 16న ఆ నియమం పోయింది. పిల్లల నిద్ర తల్లిదండ్రుల పని, ప్రభుత్వానిది కాదని చివరికి ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఆ గంటలో మొదటి అరగంట జాతీయ వార్తలు. ఆరున్నరకి చానల్ ముక్కలైపోతుంది: స్కాట్లండ్‌లో రిపోర్టింగ్ స్కాట్లండ్, వేల్స్‌లో వేల్స్ టుడే, ఉత్తర ఐర్లండ్‌లో న్యూస్‌లైన్, ఇంగ్లండ్ ఉత్తరాన లుక్ నార్త్, ఇంకా ప్రాంతానికొకటి. 1980ల్లో సాయంత్రం హైదరాబాద్ దూరదర్శన్ చూసి, రాత్రి ఢిల్లీకి మారిపోవడం చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. స్థానిక బస్సు రూటు రద్దు, ఆసుపత్రి గొడవ, ఫుట్‌బాల్ క్లబ్ మేనేజర్ రాజీనామా లాంటివి ప్రకటనలతో బతికే చానల్‌కి లాభం తెచ్చేవి కావు. లైసెన్స్ డబ్బుతో బతికే చానల్ మాత్రం వదులుకోలేదు. స్కాట్లండ్‌లో లైసెన్స్ కట్టేవాళ్లు లండన్ కబుర్లు మాత్రమే చూసి ఊరుకోరు.

ఏడింటికి ది వన్ షో, కబుర్ల కార్యక్రమం. దాని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, అది వార్తలకీ సీరియల్‌కీ మధ్య వంతెన. ఏడున్నరకి ఈస్ట్‌ఎండర్స్, సోమవారం నుంచి గురువారం దాకా.

1985 ఫిబ్రవరి 19న మొదలైన ఈ సీరియల్ వాల్‌ఫర్డ్ అనే ఊహాజనిత తూర్పు లండన్ పేటలో, ఆల్బర్ట్ స్క్వేర్ చుట్టూ నడుస్తుంది. పూల దండలతో పెళ్లి, పబ్బులో తన్నులాట, దాచిన బిడ్డ, ఖూనీ, ఇవన్నీ ఆ ఒక్క చౌరస్తాలోనే. ప్రతి ఎపిసోడ్ ఎవరో ఒకరి మొహం మీద ఆగుతుంది, డ్రమ్ములు మోగుతాయి. అయితే లండన్ రౌడీలు ఎంత కొట్టుకున్నా గట్టి బూతు ఒక్కటీ దొర్లదు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఐదున్నర లోపే పెద్దల సరుకు వేయాలన్నది నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిబంధన. ఆ గీతని వాటర్‌షెడ్ అంటారు. గీతకి ముందు వచ్చే సీరియల్‌లో గూండా ‘పోరా’ అన్నంత గట్టిగా అంటాడు, అంతే.

1986 క్రిస్మస్ రోజు ఎపిసోడ్‌లో పబ్ యజమాని డెన్, భార్య యాంజీ చేతిలో విడాకుల కాగితాలు పెట్టాడు. తర్వాత వేసిన ప్రసారంతో కలిపితే 3 కోట్లమందికి పైగా చూశారు. దేశ జనాభాలో సగానికి పైన. కరెంటు సంస్థకి ఇలాంటి రాత్రులంటే టెన్షన్. కార్యక్రమం అయిపోగానే లక్షల ఇళ్లలో ఒకేసారి టీ కోసం కరెంటు కెటిల్ ఆన్ చేస్తారు. 1990 జులై 4న ప్రపంచకప్ సెమీఫైనల్‌లో ఇంగ్లండ్ పెనాల్టీల్లో పశ్చిమ జర్మనీ చేతిలో ఓడిపోగానే ఒక్కసారిగా 2,800 మెగావాట్ల వాడకం పెరిగింది. అందుకే గ్రిడ్ కంట్రోల్ రూమ్‌లో టీవీ పట్టిక కూడా చూస్తారు. వేల్స్‌లో కొండ లోపల కట్టిన డినోర్విగ్ విద్యుత్ కేంద్రం కొంతవరకు ఇలాంటి ఉప్పెనల కోసమే. వాడకం తక్కువున్న వేళ నీళ్లు పైకి తోడి పెట్టుకుని, అవసరం రాగానే కిందికి వదులుతారు. సిద్ధంగా తిరుగుతున్న యంత్రాలైతే కొన్ని సెకన్లలోనే పూర్తి కరెంటు ఇస్తాయి. చానల్ పట్టిక ఒక దేశపు టీ వేళని ఎంత గట్టిగా పట్టుకుందో చెప్పడానికి రేటింగ్‌ల కంటే ఆ మీటరే నమ్మకమైన సాక్షి.

తొమ్మిదికి వచ్చేది పగలంతా కూడబెట్టిన గంట. బ్రిటన్‌లో పెద్ద డ్రామాలకి 2013లో ఇచ్చిన పన్ను రాయితీ అందాలంటే, ప్రసారమయ్యే గంటకి కనీసం 10 లక్షల పౌండ్ల నిర్మాణ ఖర్చు ఉండాలని షరతు. ఒక గంట డ్రామా ఆ స్థాయి. ఈ తొమ్మిదింటి చోటు కూడా ఎప్పుడూ ఖాళీగా ఉన్నది కాదు. 1970 నుంచి ముప్పై ఏళ్లపాటు తొమ్మిదింటికి వార్తలే. పెద్దల డ్రామా మొదలుపెట్టడానికి వీలయ్యే తొలి నిమిషానికే వార్తలు కూర్చుని ఉండేవి, డ్రామా తొమ్మిదిన్నరకి మొదలై నిద్రవేళ దాటేది. 1999 మార్చిలో ఐటీవీ తన పదింటి వార్తలని తీసేసింది. ఆ చోటు కనిపించగానే, అప్పటి డైరెక్టర్ జనరల్ గ్రెగ్ డైక్ 2000 అక్టోబరు 16న బీబీసీ వార్తలని పదింటికి జరిపారు. వార్తలని తోసేశారని విమర్శలొచ్చాయి. నిజానికి లాభపడింది డ్రామా. తొమ్మిది నుంచి పది దాకా అడ్డులేని గంట దొరికింది, అయిపోగానే వార్తలు, పదిన్నరకి స్థానిక వార్తలు, ఇక పడక.

అర్ధరాత్రి తర్వాత సొంత కార్యక్రమాలు తగ్గిపోతాయి. కొన్నిటిని సంజ్ఞా భాషతో మళ్లీ వేసే అలవాటు ఏళ్లుగా ఉంది. ఆ తర్వాత బీబీసీ న్యూస్ చానల్‌ని కలిపేస్తారు. 1997 నవంబరుకి ముందు జాతీయగీతం వాయించి ప్రసారాలు ఆపేసేవాళ్లు. 24 గంటల వార్తల చానల్ పుట్టాక ఆ అవసరం లేకపోయింది, ఒకే వార్త రెండు చోట్ల వేయడానికి కొత్తగా అయ్యే ఖర్చు కూడా లేదు.

ఇంత లెక్కగా అల్లిన రోజులో లేనివాళ్లెవరు? పిల్లలు. సాయంత్రం బ్లూ పీటర్ వచ్చే బీబీసీ వన్ పిల్లల గంట 2012 డిసెంబరుతో ముగిసింది, అవన్నీ వాళ్ల సొంత చానళ్లకి వెళ్లిపోయాయి. చెప్పడానికి బాగానే ఉంది, కానీ పదేళ్ల వయసులో బీబీసీ వన్ అలవాటు పడని పిల్లవాడు ఇరవై ఏళ్లకి వస్తాడన్న నమ్మకం ఏముంది? 2025లో ఆఫ్‌కామ్ లెక్కల ప్రకారం బ్రిటన్‌లో బీబీసీ తర్వాత ఎక్కువగా చూసేది యూట్యూబ్, ఐటీవీ దాని వెనక పడింది. ఈస్ట్‌ఎండర్స్ ఎపిసోడ్ ఇప్పుడు ప్రసారమయ్యే రోజు పొద్దున ఆరింటికే ఐప్లేయర్‌లో దొరుకుతుంది. ఏడున్నర కోసం ఆగేవాళ్లు ఆగుతున్నారు, వాళ్ల వయసు మాత్రం ఏటా పెరుగుతోంది.

వలస వచ్చినవాళ్ల వాటా ఎప్పుడూ పట్టిక అంచుల్లోనే ఉంది. భారత్, పాకిస్తాన్‌ల నుంచి వచ్చినవాళ్ల కోసం 1965 అక్టోబరు 10న మొదలైన కార్యక్రమం ఆదివారం పొద్దున వచ్చేది, హిందుస్తానీలో. తెలుగుకి బీబీసీలో చోటు దొరికింది 2017 అక్టోబరులో, అదీ లండన్ పట్టికలో కాదు, మన దగ్గర చదివే, చూసే బీబీసీ తెలుగు రూపంలో. అక్కడున్న తెలుగు కుటుంబాలకి బీబీసీ వన్ ముందుగా పరిచయమయ్యేది కార్యక్రమంగా కాదు, లైసెన్స్ కట్టమని గుమ్మంలోకి వచ్చే ఉత్తరంగా. చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు ‘మేం బీబీసీ చూడం కదా’ అనుకుంటారు. నియమం అలా లేదు. హైదరాబాద్ చానల్‌నైనా సరే, ప్రసారమవుతుండగా లైవ్‌గా చూస్తే లైసెన్స్ కావాలి, ల్యాప్‌టాప్‌లో చూసినా అంతే. తర్వాత తీరిగ్గా యూట్యూబ్‌లో ఆ సీరియల్ చూసుకుంటే అక్కర్లేదు.

బీబీసీ నడవడానికి ఆధారమైన అధికార పత్రం, రాయల్ చార్టర్, ఇప్పుడున్నది 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది. లైసెన్స్ ఉండాలా, ప్రకటనలు తేవాలా, నెట్‌ఫ్లిక్స్ లాగా చందా పెట్టాలా అన్న వాదన నడుస్తోంది. మాటలన్నీ రాత్రి డ్రామాల చుట్టూ, వార్తల నిష్పక్షపాతం చుట్టూ తిరుగుతున్నాయి. చందా పద్ధతి వస్తే మొదట దెబ్బ తగిలేది మాత్రం ఆరున్నర స్థానిక వార్తలకీ, పన్నెండుంపావు పాత సామాన్ల సంతకీ. వాటికోసం నెలనెలా విడిగా డబ్బు కట్టేవాళ్లు తక్కువ, అవి లేకపోతే ఫిర్యాదు చేసేవాళ్లు చాలా ఎక్కువ.